తాతయ్యకు కర్ఫ్యూ

ఆంకరేజ్,
అలాస్కా, 1981 అక్టోబరు 9

అమ్మా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి నది గడ్డకట్టి ఉండొచ్చు. నా కోపం మాత్రం అప్పటికీ చల్లారి ఉండదు.

మన ఊరి కావలి ఎవాన్ భార్య పంటినొప్పికని ఇక్కడి ఆసుపత్రికి వచ్చి, పనిలో పనిగా మా ఆఫీసుకొచ్చి నన్ను చూసి వెళ్ళింది. ఊళ్ళో పెట్టిన కొత్త సైరన్‌కు నా పేరు పెట్టారట కదా. రాత్రి తొమ్మిదింటికి అది మోగగానే పిల్లలు "నస్తాస్య అరుస్తోంది, పదండ్రా ఇళ్ళకి" అంటూ పరిగెడతారట. ఆవిరి స్నానాల గుడిసెలో మగవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారట. కుక్కల్ని గుంజకు కట్టినట్టు మన పిల్లల్ని కట్టేసే విద్య నేర్చుకోడానికే ఎలేనా కూతురు అంత దూరం వెళ్ళి చదివిందని. ఆమె నవ్వుతూ చెప్పింది, నేనూ నవ్వుతూనే విన్నాను. ఆమె వెళ్ళాక టైపుమిషను ముందు కూర్చుని ఒక్క అక్షరం కొట్టలేకపోయాను.

బయటివాళ్ళ మాట వదిలెయ్. ఇంట్లో మీరూ నన్నెప్పుడూ సరిగ్గా చదవలేదు. కాలేజీకి వెళ్తే పారిపోయానన్నారు. సెలవులకొచ్చి సాల్మన్ చేపలు కోస్తుంటే "చూడండి, మరిచిపోలేదని చూపించుకుంటోంది" అన్నారు. కోయకుండా కూర్చుంటే తెల్లదాన్నయిపోయానన్నారు. ఇప్పుడు సైరన్నయ్యాను.

ఆగస్టులో నువ్వేం రాశావో గుర్తుందా? మగపిల్లలు రాత్రిళ్ళు బడి కిటికీలు పగలగొడుతున్నారు, పడవల్లో పెట్రోలు దొంగిలించి వాసన పీలుస్తున్నారు, ఊరి కౌన్సిల్ కర్ఫ్యూ పెడదామంటోంది, రూలు రాయడం ఎవరికీ చేతకాదు, లాయర్ల ఆఫీసులో ఉన్నావు కనక మాటలు నువ్వివ్వు అని. ఇచ్చాను. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు తొమ్మిది దాటాక బయట తిరగకూడదు. మొదటిసారి దొరికితే కావలివాడు ఇంట్లో దిగబెట్టాలి. రెండోసారి ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి. మూడోసారైతే ఆ పిల్లను ప్రభుత్వం మనుషుల చేతిలో పెట్టకుండా, ఊరి బయట ఉన్న సొంత బంధువు దగ్గరికి వసంతం దాకా పంపాలి. ఆ మూడోది నేను చాలా ఆలోచించి రాశాను. మీ తరంలో పిల్లల్ని పరాయివాళ్ళ బడులకు ఎలా తోలుకుపోయారో విని పెరిగినదాన్ని నేను.

అన్నిటికన్నా చివర ఇంకో మాట రాశాను. ముసలివాళ్ళ ఇంటికి సాయానికి వెళ్ళే పిల్లలకు ఈ రూలు వర్తించదని. ఆ మాట ఇప్పుడు అందులో లేదని ఎవాన్ భార్య చెప్పింది. ఎవరు తీసేశారు? పిన్ని కౌన్సిల్‌లో ఉండి ఏం చేస్తోంది? చెల్లి వెరా రాత్రి అమ్మమ్మ ఇంటికి వెళ్ళకపోతే ఆవిడ నిద్రపోదని పిన్నికి తెలియదా?

అరవడం ఏనాడూ చేతకాని నీ పెద్ద కూతురు,
నస్తాస్య


కుయిగాక్,
అక్టోబరు 23

నస్తాస్యా,

గాలివానకు విమానం దిగలేదు. నీ ఉత్తరం బెతెల్ విమానాశ్రయంలో పడి ఉండి నిన్ననే వచ్చింది. మేం బాగానే ఉన్నాం. పొగబెట్టిన చేపలు ఒక పెట్టె పంపుతున్నాను, పోయినసారిలా ఆఫీసులో అందరికీ పంచకు. సీలు నూనె సీసా చొక్కాల మధ్య పెట్టాను, జాగ్రత్తగా తియ్యి.

సైరన్‌కు పేరు పెట్టారని అంత కోపమా? మీ పిన్ని కుక్కకు బిషప్పు పేరు పెట్టారు. ఆయన వచ్చినప్పుడు దాని తల నిమిరి మరీ వెళ్ళాడు. ఊరొదిలి వెళ్ళినవాళ్ళని ఎవరు తలుచుకుంటారు చెప్పు? నిన్ను రోజూ తలుచుకుంటున్నారు. దానికి మురిసిపోక ఏడుస్తావేం.

నది అంచులు గట్టిపడ్డాయి. నడుమ ఇంకా నల్లగా నీళ్ళు కనిపిస్తున్నాయి.

వెరా రెండుసార్లు దొరికింది. దాని సంగతి నీకు తెలియనిదా? మా నాన్న పోయిన నెలకు పుట్టింది, మన భాషలో చికొయాక్ అని ఆయన పేరే పెట్టుకున్నాం, ఆయనే తిరిగొచ్చాడు. నాకు నాన్న, మీ అమ్మమ్మకు మొగుడు. పద్నాలుగేళ్ళొచ్చినా మీ అమ్మమ్మ దాన్ని చూస్తే ఇంకా సిగ్గుపడి జడ సర్దుకుంటుంది. బతికుండగా ఆయన రాత్రిపూట నది దగ్గరికెళ్ళి గాలం చూసుకుని, ఇంటికొచ్చి, నది ఎలా ఉందో ఆవిడకు చెప్పాకే పడుకునేవాడు. ఇప్పుడు ఇదీ అంతే. కళ్ళు కనిపించవు కదా ఆవిడకు, దీని నోటితోనే నదిని చూస్తుంది.

మొదటిసారి ఎవాన్ పట్టుకొచ్చినప్పుడు నువ్వు చూడాల్సింది. వాడికి వేట నేర్పింది మా నాన్నే. అంత మనిషీ టోపీ చేత్తో పట్టుకుని దీని వెనక నడిచొచ్చాడు. ఇది ముందు, వాడు వెనక. తలుపు దగ్గర "మావా, తప్పుగా అనుకోకు, కౌన్సిల్ మాట" అన్నాడు. ఇది వాడి భుజం తట్టి, టీ తాగి వెళ్ళమంది. వాడు తాగి వెళ్ళాడు. రెండోసారి నాతో మాట్లాడటానికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక మళ్ళీ టీ తాగి వెళ్ళాడు.

నేనేం చెప్పను దానికి? చెప్పగలిగినదాన్నయితే చెప్పనా?

ఆ చివరి మాట గురించి అడిగావు. సభలో చాలామంది చాలా మాట్లాడారు. కౌన్సిల్‌లో ఉన్నది మీ పిన్ని, నేను కాదు. ఏదైనా ఉంటే మత్రోనానే అడుగు.

చలికి తల కప్పుకుని తిరుగు.
అమ్మ


ఆంకరేజ్,
నవంబరు 4

అమ్మా,

చేపలు అందాయి. పంచలేదు. గది తలుపేసుకుని నిలబడే తిన్నాను. మెట్ల మీద ఆ వాసనకు పై అంతస్తు ఆయన తలుపు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు.

పిన్నికి రాశాను. నువ్వు చెప్పలేదు కానీ చెప్పకుండానే చెప్పావు. అందుకే మెత్తగా రాయలేదు. ఊళ్ళో ప్రతి పడక్కిందా ఏముందో తెలిసిన మనిషికి సొంత తల్లి ఇంట్లో రాత్రి ఏం జరుగుతుందో తెలియదా అని అడిగాను. కుర్చీ దొరికితే చుట్టరికం మరిచిపోయేవాళ్ళను ఇక్కడ రోజూ చూస్తున్నాను, మన ఊళ్ళోనూ తయారవుతారనుకోలేదన్నాను. నేను రాసిన రూలును నా చెల్లెలి మీదే తిప్పినందుకు నీ చేతి వంట ఇంక తిననన్నాను. ఆ ఆఖరిది రాసేటప్పుడు ఆవిడ చేసే అకుతక్ గుర్తొచ్చింది, కొవ్వు గిలక్కొట్టి బెర్రీలు కలిపి నా కోసం వేరే గిన్నెలో దాచేది. అయినా కొట్టివేయలేదు.

ఇంతకూ ఇందులో ఇంత చిక్కేముంది? చలికాలమంతా వెరాను అమ్మమ్మ ఇంట్లోనే పడుకోమను. సైరన్ మోగేలోపు వెళ్తుంది, తెల్లారాక బడికి వస్తుంది. ఎవాన్‌కిచ్చే టీ ఖర్చు నీకు తప్పుతుంది. ఈ సంగతి నీకెందుకు తట్టలేదో నాకు అర్థం కావడం లేదు. మూడోసారి దొరికితే ఏమవుతుందో నీకు తెలుసు. దాన్ని పంపాల్సిన ఊరి బయటి బంధువును నేనొక్కదాన్నే. నేనా, ఈ ఒక్క గదిలో, కిటికీ తెరిస్తే కార్లు ఆపే చోటు తప్ప ఇంకేమీ కనిపించని ఇంట్లో. వెరా లేకపోతే అమ్మమ్మ ఈ చలికాలం దాటదమ్మా. నేను పెద్దగా చేసి చెప్పడం లేదు.

ఇక్కడ ఊరికే తిరుగుతున్నాను ఈమధ్య. ఆఫీసయ్యాక ఇంటికి పోబుద్ధి కాదు. ఓడరేవు దాకా నడిచి, ఏమీ చూడకుండానే తిరిగొస్తాను. నది లేని ఊళ్ళో ఎటు నడవాలో కాళ్ళకు తెలియదు.

వెంటనే జవాబు రాయి. కౌన్సిల్ ఆఫీసులో ఫోను ఉందని ఫోను చేయకు. ఊరంతా వింటుంది.
నస్తాస్య


కుయిగాక్,
నవంబరు 7

నస్తాస్యా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. వాతావరణం బాగోలేదు, ఎక్కడో ఆగి ఉంటుంది.

వెరా మూడోసారి దొరికింది. పడవలు కట్టేచోట, నది మీంచి వస్తుంటే. కౌన్సిల్ కూర్చుంది. రూలు రూలే అన్నారు. శుక్రవారం విమానంలో నీ దగ్గరికి పంపుతున్నాను. విమానాశ్రయానికి వెళ్ళు, దానికి అక్కడ తలుపులు వాటంతటవే తెరుచుకుంటే భయం.

దాని తోడేలు బొచ్చు కోటు పంపడం లేదు, ఇంటిదగ్గరే ఉండనీ. నీ పాతది ఇవ్వు. అక్కడ బడిలో చేర్పించు. రాత్రిళ్ళు నిద్రపోనీ.

మీ అమ్మమ్మకు ఇంకా చెప్పలేదు. విమానం వెళ్ళాక చెప్తాను.

అమ్మ


ఆంకరేజ్,
నవంబరు 19

అమ్మా,

వెరా వచ్చింది. విమానాశ్రయంలో నన్ను చూడగానే "చిక్కిపోయావు, ఎవరూ తిండి పెట్టడం లేదా" అంది, అచ్చం తాతయ్య గొంతుతో. ఆ తర్వాత నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది, అచ్చం పద్నాలుగేళ్ళ పిల్లలాగే.

పగలంతా బాగానే ఉంటుంది. బడిలో చేర్చాను, లెక్కల్లో అందరికన్నా ముందుందట. రాత్రి తొమ్మిదవుతుంటే బూట్లు తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడుతుంది. ఎక్కడికీ వెళ్ళదు. ఊరికే నిలబడుతుంది. "అక్కడ ఈపాటికి రెండు గిన్నెల్లో సూప్ పోసి ఉంటుంది" అంటుంది, అమ్మమ్మను తలుచుకుని. మళ్ళీ బూట్లు విప్పి, జత చేసి గోడవారగా పెట్టి పడుకుంటుంది. నేను పుస్తకం అడ్డం పెట్టుకుంటాను.

నిన్న భోజనాలయ్యాక అడిగాను, ఎవాన్ ఎప్పుడూ కాపలా కాసేది బడి దగ్గర కదా, పడవల దగ్గరికి ఎందుకొచ్చాడు అని. వెరా టీలో బిస్కెట్టు ముంచుతోంది.

"నా కూతురు చెప్పింది" అంది.

నాకు వెంటనే తట్టలేదు. ఏ కూతురన్నాను.

"ఎలేనా. అమ్మ. మూడుసార్లూ ఆవిడే చెప్పిందట. చివరిసారి పట్టుకున్నప్పుడు వాడు దారంతా ముక్కు చీదుకుంటూ నడిచాడు. 'మావా, నా మీద కోపం పెట్టుకోకు, నువ్వు ఏ దారిన వస్తావో నీ కూతురే మా ఇంటికొచ్చి చెప్పింది' అన్నాడు."

ముసలివాళ్ళ ఇంటికి వెళ్ళేవాళ్ళ మాట తీసేయమన్నది ఎవరని అడిగాను.

"ఆవిడే. ఆ రోజు సభలో వెనక బల్ల మీద నేనూ ఉన్నాను. పిన్ని తీయొద్దంది. అక్కాచెల్లెళ్ళు అందరి ముందూ వాదించుకున్నారు. పిన్ని ఏడ్చింది కూడా."

"నీకు కోపం రాలేదా?" అన్నాను.

బిస్కెట్టు విరిగి టీలో పడింది. దాన్ని చెంచాతో తీసుకుని తిన్నాక చెప్పింది. "కూతురు దేనికో భయపడుతోంది. భయపడేదాని మీద కోపమేంటి?"

దానికి కోపం లేదమ్మా. నాకుంది. నేను పిన్నిని ఎన్ని మాటలన్నానో నీకు తెలుసు. మత్రోనానే అడుగు అని రాసింది నువ్వు. ఆవిడ ఇంతవరకూ జవాబివ్వలేదు, ఇవ్వదు కూడా. ఆగస్టులో కిటికీల కథ, పెట్రోలు కథ రాసి నా చేత మాటలు రాయించుకున్నది నువ్వు. మూడోసారి దొరికితే ఊరి బయటి బంధువు దగ్గరికి అని నేను రాసినప్పుడు, ఆ పిల్ల ఎవరో, ఆ బంధువు ఎవరో నీకు అప్పుడే తెలుసా?

ఒక్క ముక్కలో జవాబు చాలు.
నస్తాస్య


కుయిగాక్,
నవంబరు 29

నస్తాస్యా,

తెలుసు.

కిటికీలు పగిలింది నిజం. పెట్రోలు నిజం. కౌన్సిల్ అడిగిందీ నిజం. నువ్వు పంపిన కాగితం చదివి, ఇది నా పనికొస్తుందనుకున్నదీ నిజం. ఆ చివరి మాట ఉంటే నా పనికి రాదు, అందుకే తీయించాను.

మీ నాన్న నవంబరులోనే పోయాడు. ఆ ఏడాదీ మంచు ఇలాగే ఉంది, పైన గట్టిగా, కింద ప్రవాహం కోసేసి. మనిషి దొరకలేదు, చేతి తొడుగు ఒక్కటి దొరికింది. నేనెవరితోనూ ఆ మాట ఎత్తను. నీతోనూ ఎత్తలేదు.

వెరా రోజూ చీకట్లో మంచు మీదికి వెళ్తుంది. నువ్వేమో అమ్మమ్మ ఇంట్లో పడుకోమను అని తేలిగ్గా రాశావు. ఆ ఇల్లు గట్టు మీదే ఉంది కదే. అక్కడుంటే రాత్రికి ఒకసారి కాదు, నాలుగుసార్లు వెళ్తుంది.

పోయినేడాది ఒకసారి నోరు తెరిచాను. నాన్నా, ఈ వారం మంచు మీదికి వెళ్ళకు అన్నాను. బూటు తాడు కట్టుకుంటూ తలెత్తి చూసింది. ఆయన చూపే. "మంచు సంగతి నువ్వు నాకు చెప్తావా అమ్మాయ్?" అంది. నేను తల దించుకున్నాను. ఇంకేం చేయను? ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి నాన్నా నాన్నా అని పిలిచింది నేను. ఏ రోజూ ఒక్క మాట కసరలేదు. తండ్రిని కసిరిన నోరు ఏమవుతుందో నీకు మీ కాలేజీలో చెప్పి ఉండరు, నాకు మా అమ్మ చెప్పింది. మా నాన్నకు మంచు గురించి నేనేం చెప్తాను?

సైరన్‌కు చుట్టరికం లేదు. అది అందరినీ ఒకేలా కసురుతుంది. అందుకే అది కావాలనుకున్నాను. అది కసిరినా వినకపోతే ఊరు దాటించాలనుకున్నాను, అదీ పరాయివాళ్ళ దగ్గరికి కాదు, నీ దగ్గరికి.

ముందే చెబితే నువ్వు రాసేదానివి కాదు. అడిగితే మత్రోనా ఒప్పుకునేది కాదు. అమ్మకు తెలిస్తే అడ్డం పడుకునేది. ఇప్పుడు అమ్మ నాకు తలుపు తీయడం లేదు. రోజూ రెండు గిన్నెల్లో పోస్తుందని, ఒకటే తింటుందని, అదీ సగమేనని మత్రోనా చెప్పింది. తను లోపలికి వెళ్తోంది, నేను గుమ్మం దాకా వెళ్ళి వస్తున్నాను. మత్రోనా నాతో కూడా పని ఉన్న మాటే మాట్లాడుతోంది.

అనుకో నువ్వు ఏమైనా. పిల్ల ఒడ్డున ఉంది. రాత్రి నాకు నిద్ర పడుతోంది.

మంచు కరిగేదాకా ఉంచుకో.
అమ్మ


ఆంకరేజ్,
డిసెంబరు 8

అమ్మా,

నీ ఉత్తరం వెరాకు చూపించలేదు. నేను మాత్రం చాలాసార్లు చదివాను. మొదట్లో ఏడుపొచ్చింది. తర్వాత రాలేదు.

నాన్న గురించి నాకు రాయాల్సిన పని లేదు. ఆ రాత్రి గట్టు మీద నీ పక్కన లాంతరు పట్టుకుని నిలబడింది నేనే. చేతులు మార్చుకోవడానికి కూడా భయపడి తెల్లారేదాకా ఒకే చేత్తో పట్టుకున్నాను. నీ భయం నాకు తెలియనిది కాదు. నువ్వు దాన్ని నాకు చూపించి ఉంటే నేను సగం మోసేదాన్ని. చూపించకుండా నా చేత రూలు రాయించుకున్నావు, నా చేత పిన్నిని తిట్టించావు, నన్ను ఊరి నోట్లో పెట్టి, మురిసిపోమని ఉత్తరం రాశావు.

నీకు తట్టని సంగతి ఒకటుంది. వెరా నీకు నాన్న, అమ్మమ్మకు మొగుడు. నాకెవరు? తాతయ్య. తండ్రిని కసరకూడదు, సరే. తాతయ్యను మనవరాలు కసరకూడదని మన ఊళ్ళో ఎవరన్నారు? చిన్నప్పుడు ఆయన పొగాకు దాచేశాను, మీసం పట్టుకుని లాగాను, వానలో బయటికి బయల్దేరితే గుమ్మానికి అడ్డం కూర్చుని పోవద్దని అరిచాను. ఆయన నవ్వి, టోపీ తీసి మేకుకు తగిలించేవాడు. నువ్వు అక్కడే చేపలు కోస్తూ చూశావు. నస్తాస్యా, దాన్ని మంచు మీదికి వెళ్ళొద్దని నువ్వు చెప్పు అని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. నువ్వు ఇన్ని ఉత్తరాలు రాశావు, ఆ వాక్యం రాయలేదు. నన్ను కసరగల మనిషిగా కూడా నువ్వు చూడలేదు, మాటలు కొట్టిపెట్టే మిషన్‌గా చూశావు.

ఆదివారం చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతూ, పెద్ద ఏర్పాట్లేమీ లేకుండా. "తాతయ్యా, పిన్ని కొడుకులు మంచు పొడిచి చూసి మందం సరిపోయిందని చెప్పేదాకా చీకటి పడ్డాక నది మీద కాలు పెట్టావంటే, నీ బూట్లు పొయ్యిలో వేస్తాను. తెలిసిందా?"

వెరా చాలాసేపు నవ్వింది. తర్వాత "మరి ఆవిడకు నది గురించి ఏం చెప్పను?" అంది.

పగలు చూసి రాత్రి చెప్పమన్నాను. ఆలోచించి సరేనంది. అంతే పట్టిందమ్మా. ఒక ఉల్లిపాయ తరిగేంతసేపు.

పిన్నికి ఉత్తరం రాశాను. అందులో ఏముందో అది ఆవిడకూ నాకూ మధ్య సంగతి.

మన సభల్లో ఎవరూ ఎవర్నీ పేరుపెట్టి అనరని నాకు తెలుసు. చదువుకుని చెడిపోయిందంటారనీ తెలుసు.

ఉద్యోగం మానేశాను. శనివారం విమానంలో వెరా, నేనూ వస్తున్నాం. దిగి నేరుగా అమ్మమ్మ ఇంటికి వెళ్తాం, ఇద్దరం ఇకమీదట అక్కడే ఉంటాం. వచ్చే సభలో, నువ్వు తీయించిన మాట మళ్ళీ పెట్టమని, వెరాకు వసంతం దాకా పెట్టిన గడువు కొట్టేయమని అడుగుతాను. దాన్ని నువ్వు ఎందుకు తీయించావో, ఎవరి కోసం తీయించావో, నీ పేరుతో అందరి ముందూ చెప్తాను. విమానం దగ్గరికి నువ్వు రావద్దు.

నస్తాస్య